పొగ ఎటు పోతుందో చెప్పగలిగితేనే అనుమతి

ఫ్లోరిడాలో సొంత అడవికి నిప్పు పెట్టుకోవడం భూ యజమాని ఆస్తి హక్కు. అమెరికాలోని ఆ రాష్ట్రం 1990లో చేసిన చట్టంలో ఈ మాట స్పష్టంగా ఉంది. నియమాల ప్రకారం పెట్టిన మంట ప్రజాప్రయోజనం కిందికి వస్తుందని, దాన్ని పొరుగువాళ్లకు కలిగించిన ఉపద్రవంగా చూడకూడదని కూడా ఆ చట్టం చెప్పింది. ఏటా అక్కడ దాదాపు 20 లక్షల ఎకరాలను ఇలా అనుమతి తీసుకునే కాలుస్తారు. టాంపా, ఒర్లాండో వైపు ఉంటున్న మనవాళ్లకు చలికాలంలో దూరంగా కనిపించే పొగల్లో చాలావరకు ఇవే.

దీని వెనక ఉన్నది లాంగ్‌లీఫ్ పైన్ అనే చెట్టు. దాని విత్తనం రాలిన ఆకుల పొర మీద పడితే వేరు మట్టికి అందదు. మంట ఆ చెత్తను ఊడ్చేసి నేలను బయటపెట్టాలి. మొలిచిన తరవాత కూడా కొన్నేళ్లు పైకి లేవదు. చూసినవాళ్లు గడ్డి దుబ్బు అనుకుని దాటిపోతారు. ఆ కాలమంతా అది తల్లివేరును లోతుకు దించుకుంటూ ఉంటుంది. మంట వచ్చినప్పుడు బయటి పొడవాటి ఆకులు మాడతాయి, వాటి గుబురులో దాగిన మొగ్గ మాత్రం బతుకుతుంది. ఆకులకు పట్టిన గోధుమ మచ్చ తెగులు కూడా ఆ మంటలోనే పోతుంది. రెండు మూడేళ్లకోసారి నిప్పు పడకపోతే ఓక్ మొక్కలూ పొదలూ కమ్మేసి ఈ పిల్లచెట్లకు ఎండ లేకుండా చేస్తాయి. ఒకప్పుడు ఆగ్నేయ అమెరికాలో సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉన్న ఈ అడవి, నరికివేతతో పాటు కనిపించిన మంటనల్లా ఆర్పేసే విధానం వల్ల, 20వ శతాబ్దం చివరికి 30 లక్షల ఎకరాలకు అటూఇటూగా మిగిలింది.

అలాగని ఎవరు పడితే వాళ్లు అగ్గిపుల్ల గీయడానికి లేదు. తగలబెట్టే ప్రతి రోజుకూ రాష్ట్ర అటవీ శాఖ నుంచి విడిగా అనుమతి తీసుకోవాలి, అది ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. మంట నడిపే సర్టిఫికెట్ లేని యజమాని కూడా అడగవచ్చు, కానీ సూర్యాస్తమయానికి గంట ముందే మంట పాకడం ఆగిపోవాలి. ఆ సర్టిఫికెట్ ఉన్న సర్టిఫైడ్ బర్న్ మేనేజర్‌కు సూర్యాస్తమయం తరవాత మరో గంట దొరుకుతుంది. ఆ సర్టిఫికెట్ కోసం కోర్సు చదివి, పరీక్ష రాసి, తానే ఒక మంటను నడిపించి చూపించాలి. అయిదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి.

అసలు పని మంటకు చాలా ముందే, కాగితం మీద జరుగుతుంది. దాన్ని ప్రిస్క్రిప్షన్ అంటారు. అక్కడ ఏ చెట్లున్నాయి, ఎంతమంది మనుషులు, ఏ పరికరాలు, ఎలాంటి వాతావరణం కావాలి, మంట ఏ తీరున నడవాలి, పొగ తగిలితే ఇబ్బందిపడే చోట్లేవి అన్నీ అందులో రాయాలి. 40 ఎకరాల పైన్ తోట ఉందనుకుందాం. గాలిలో తేమ 30 నుంచి 55 శాతం మధ్య ఉంటే మేలు. అంతకన్నా తక్కువైతే మంట చెయ్యి దాటవచ్చు, మరీ ఎక్కువైతే అంటుకున్నది అంటుకున్నట్టే ఆరిపోతుంది. గాలి ఒకే దిక్కు నుంచి నిలకడగా వీయాలి. అసలే గాలి లేని రోజు ఇంకా ప్రమాదం, మంట ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఆ రోజు ముందుగా ఒక మూల చిన్న మంట వేసి దాని నడక చూస్తారు. అది కాగితంలో రాసినట్టు లేకపోతే ఆర్పేసి ఇంటికి వెళ్లాల్సిందే. బాగుంటే డ్రిప్ టార్చ్ తీస్తారు. ఇది డీజిల్ ఎక్కువగా, పెట్రోల్ తక్కువగా కలిపి పోసిన డబ్బా. మూతి చివర వెలుగుతున్న వత్తి మీదుగా మండే చుక్కలు నేల మీద రాలుతుంటాయి. గాలి పోయే వైపున్న అంచున ఫైర్ లైన్ (మంట దాటకుండా చెత్త తీసేసిన నేల) దగ్గర మొదలుపెడతారు. మంట గాలికి ఎదురుగా నెమ్మదిగా పాకుతూ వెనక నల్లటి పట్టీని మిగులుస్తుంది. ఆ పట్టీ తగినంత వెడల్పయ్యాకే గాలివాటున పరుగెత్తే మంటను వదులుతారు.

ఇంత చేసినా నిప్పును అదుపులో పెట్టడం ఈ చదువులో సగమే అని నా అభిప్రాయం. మిగతా సగం పొగ. మ్యాపు మీద గాలి పోయే దిక్కుకు ఒక గీత గీసి, దానికి అటూఇటూ 30 డిగ్రీల చొప్పున విసనకర్రలా పరిచి, ఆ మేరలో ఆసుపత్రి, బడి, హైవే ఏమైనా పడుతున్నాయా చూస్తారు. పొగ పైకి లేచి కలిసిపోవడానికి గాలిపొర కనీసం 1,700 అడుగుల ఎత్తు ఉండాలంటారు. సముద్రతీరాల్లో మధ్యాహ్నం దాటాక వచ్చే గాలి ఈ లెక్కలన్నిటినీ తారుమారు చేయగలదు. ఇంకా భయపెట్టేది రాత్రి. ఆరిందనుకున్న మొద్దులు పొగ కక్కుతూనే ఉంటాయి, ఆ పొగ చల్లగాలితో పల్లానికి జారి పొగమంచుతో కలిస్తే ఎదుట మూడు మీటర్లు కూడా కనపడవు. 2008 జనవరిలో ఫ్లోరిడాలోని ఐ-4 హైవే మీద 70 దాకా వాహనాలు ఒకదాన్నొకటి ఢీకొన్నాయి, మనుషులు పోయారు. దానికి ముందు దగ్గర్లో అదుపు తప్పింది ఇలా అనుమతితో పెట్టిన మంటే.

ఇలాంటప్పుడు బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు చట్టం ఏం చెబుతుందన్నదాని మీదే యజమాని కాలుస్తాడా, చేతులు ముడుచుకుంటాడా అన్నది ఆధారపడుతుంది. 1998లో ఫ్లోరిడాలో 5 లక్షల ఎకరాలకు కాస్త అటూఇటూగా కార్చిచ్చులో కాలాయి. మరుసటి ఏడే చట్టాన్ని సవరించారు. సర్టిఫైడ్ మేనేజర్ దగ్గరుండి, రాతపూర్వక ప్రణాళికతో, అనుమతితో కాల్చినప్పుడు నష్టం జరిగినా ఘోర నిర్లక్ష్యం రుజువైతేనే అతను బాధ్యుడు. సర్టిఫికెట్ లేనివాడికి మామూలు నిర్లక్ష్యం చాలు. కాలిఫోర్నియా ఇదే దారిలోకి 2022లో వచ్చింది, కార్చిచ్చును ఆర్పడానికి అయిన ఖర్చు వసూలు చేయడానికి అక్కడా ఘోర నిర్లక్ష్యం చూపాలి. అయినా చాలామంది యజమానుల్లో బీమా దొరకదేమోనన్న భయం పోలేదు. మన దగ్గర ఇప్పపువ్వు ఏరడానికి చెట్ల కింద ఆకులు కాల్చే అలవాటు ఉంది గానీ, రిజర్వు అడవిలో అనుమతి లేని నిప్పు నేరమే. అందుకే ఇంత వివరంగా కాల్చే హక్కును రాసిచ్చిన చట్టం మనకు కొంచెం వింతగా అనిపిస్తుంది.

ఫ్లోరిడాలో ఇప్పుడు చిక్కు చట్టంలో కన్నా మ్యాపులో ఉంది. పొగ పోయే వైపు కొత్త కాలనీలు, రోడ్లు వస్తున్న కొద్దీ అనుకూలించే గాలి దిక్కులు తగ్గిపోతాయి. గతంలో నాలుగు దిక్కుల గాలికీ కాల్చగలిగిన తోట ఇప్పుడు ఒక్క దిక్కు గాలి కోసమే కాచుకోవాల్సి రావచ్చు. అలాంటి చోట్ల యంత్రంతో పొదలు నరికిస్తున్నారు. పొద తగ్గుతుంది, కానీ నరికిన తుక్కు నేల మీదే పరుచుకుంటుంది, లాంగ్‌లీఫ్ విత్తనానికి మట్టి అందదు. దాని కింద పెరిగే వైర్‌గ్రాస్ గడ్డి కూడా బాగా పూత పట్టేది వేసవి మొదట్లో కాలిన నేలలోనే.