ఐదు హెక్టార్ల గీత ఎక్కడి నుంచి వచ్చింది?

"మా ఊరి గుట్టకి క్వారీ పర్మిషన్ ఇచ్చేటప్పుడు మమ్మల్నెందుకు అడగలేదు?" చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం వైపు ఎప్పుడు వెళ్లినా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. న్యాయమైన ప్రశ్న. జవాబు కోసం ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1984 భోపాల్ ఘోరం తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. అయితే పని మొదలుపెట్టకముందే గాలికి, నీళ్లకి, ఊరికి ఏమవుతుందో అంచనా వేసి అనుమతి తీసుకోవాలన్న నోటిఫికేషన్ ఆ చట్టం కింద రావడానికి 1994 జనవరి దాకా పట్టింది. ఊళ్లోవాళ్ల మాట వినాలన్న నిబంధన 1997లో చేరింది. ఇక్కడే మనకి దెబ్బ: 1994 జాబితాలో గనులంటే పెద్ద ఖనిజాలవే (బొగ్గు, ఇనుము లాంటివి), అవీ 5 హెక్టార్లు దాటినవే. గ్రానైట్, ఇసుక, కంకర చట్టం లెక్కలో చిన్న తరహా ఖనిజాలు కాబట్టి మన గుట్టలు, స్వర్ణముఖి ఇసుక ఆ లెక్కలోకే రాలేదు.

2006 సెప్టెంబర్ 14 నోటిఫికేషన్ ఖనిజాలన్నిటినీ కలిపింది గానీ 5 హెక్టార్ల గీతని అలాగే ఉంచింది. 5 హెక్టార్లంటే పన్నెండు ఎకరాల పైచిలుకు. దాంతో పెద్ద లీజుల్ని చిన్న ముక్కలు చేసి, ఏ ముక్కకీ అనుమతి అక్కర్లేకుండా తవ్వుకునే వీలు దొరికింది. హర్యానా లీజుల కేసులో 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ దారి మూసి, చిన్న లీజులకీ అనుమతి ఉండాలంది. 2016లో చిన్న క్వారీలని బీ2 అనే వర్గం కింద పెట్టారు, అంటే అనుమతి కావాలి గానీ ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. మన ఊళ్లని అడగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే, నా దృష్టిలో ఇది పెద్ద అన్యాయం, ఎందుకంటే బ్లాస్టింగ్ దుమ్ము హెక్టార్లు చూసుకుని పంట మీద పడదు.

తిరుపతి అపార్ట్‌మెంట్లది వేరే లెక్క. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ప్లాన్ అప్రూవల్ వేరు, పర్యావరణ అనుమతి వేరు. అన్ని అంతస్తులూ కలిపి 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2.15 లక్షల చదరపు అడుగులు, ఉంటేనే రెండోది కావాలి, దానికీ ప్రజాభిప్రాయం అడగరు.

క్వారీల విషయంలో ఒక దారి ఉంది. 2016 నిబంధనల ప్రకారం 500 మీటర్ల లోపు ఉన్న లీజుల్ని కలిపి లెక్కేయాలి, ఆ మొత్తం 5 హెక్టార్లు దాటితే అంచనా నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ రెండూ ఉండాలని 2018లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి, నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. మీ ఊరి క్వారీ బోర్డు మీద 4.9 హెక్టార్లని ఉంటే, ముందు దాని పక్క లీజు ఎంత దూరంలో ఉందో కొలవండి.