“మా ఇంట్ల ఎవ్వలకు లేదు”: షుగర్ గురించి అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో షుగర్ రోగులను చూసే నాకు రోజుకు ఒక్కసారైనా వినిపించే మాట, “మా ఇంట్ల ఎవ్వలకు లేదు సారూ, నాకెట్లొస్తది?” ఎక్కువ మందిని ముంచుతున్న అపోహ ఇదే.

మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన నలభై రెండేళ్ల రైస్‌మిల్లు గుమస్తా, బొటనవేలి పుండు రెండు నెలలుగా మానడం లేదంటూ ఇదే మాట అన్నాడు. పరగడుపున రక్తంలో చక్కెర 268 ఉంది. తండ్రి గురించి అడిగితే, “నాయిన రాత్రి నాలుగైదు సార్లు లేసెటోడు, చెంబులకు చెంబులు నీళ్లు తాగెటోడు, కాలి పుండు మానకనే పాయె” అన్నాడు. ఆ తండ్రికి ఒక్కసారైనా రక్తపరీక్ష జరగలేదు. పరీక్షే ఎరుగని తరాన్ని చూపి వంశంలో షుగర్ లేదని ధీమాగా ఉండటం ఎంతవరకు సబబు? పైగా, వంశంలో నిజంగానే లేకపోయినా, నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటి, కూర్చుని చేసే పని తోడైతే ముప్పు పెరుగుతుంది.

తల్లిదండ్రుల్లో ఒకరికి టైప్ 2, అంటే పెద్దవారిలో ఎక్కువగా కనిపించే రకం షుగర్ ఉంటే బిడ్డకు జీవితకాలంలో వచ్చే అవకాశం సుమారు 40 శాతం, ఇద్దరికీ ఉంటే 70 శాతం దాకా ఉంటుంది. ఇది విని “ఇక రాక తప్పదు” అని దిగులుపడే వారిని నేను కోప్పడలేను; మా అమ్మకు షుగర్ ఉందని తెలిసి కూడా, ఏం బయటపడుతుందోనన్న భయంతో ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా పరీక్ష వాయిదా వేసిన డాక్టర్ని నేను. పరగడుపున 112 వచ్చింది, అంటే షుగర్ అంచు. షుగర్ అంచున ఉన్న వారిపై మన దేశంలోనే జరిగి 2006లో ప్రచురితమైన అధ్యయనంలో, తిండి మార్చుకుని రోజూ నడిచిన వారికి ముప్పు 28.5 శాతం తగ్గింది. అప్పటి నుంచి నేనూ నడుస్తున్నాను.

సాగర్ కాలువ రాకముందు జొన్న గటక తిన్న తాతలను చూపి, జొన్నరొట్టె ఎన్నయినా తినవచ్చనే వారున్నారు. వంద గ్రాముల జొన్నపిండిలోనూ పిండిపదార్థం 70 గ్రాముల చుట్టూనే ఉంటుంది. పీచు వల్ల చక్కెర కొంత నిదానంగా పెరుగుతుందంతే. ఆ తాతలు గటక తిని పొద్దంతా నాగలి పట్టారు. బెల్లం కూడా చక్కెరే, కాకరరసం మాత్రలకు బదులు కాదు. వీటిపై వాదించే ఓపిక నాకు లేదు.

పరగడుపున 100 లోపు మామూలు, 126 నుంచి షుగర్, మధ్యలోది అంచు. గుమస్తాకు చెప్పి ఇద్దరు తమ్ముళ్లనూ రప్పించాను. ఒకరికి 94, చిన్న తమ్ముడికి 119. ఆ చీటీని చాలాసేపు చూసి చిన్న తమ్ముడు అడిగాడు: “అంటే సారూ, మా నాయినకు షుగరే ఉండెనా?”