బేచిరాగ్ ఊళ్ళు, లంకెబిందెలు: అపోహలు – వాస్తవాలు

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో బేచిరాగ్ ఊళ్ళ, అంటే దీపం పెట్టే దిక్కులేక పాడుబడ్డ ఊళ్ళ, చరిత్రను నమోదు చేసే పనిలో ఏ పాటిగడ్డ (పాత ఊరు ఉన్న దిబ్బ) మీద కాలుపెట్టినా, ఆ ఊరు ఎప్పటిదని అడిగేవారికన్నా "బిందెలు ఏమన్న ఉన్నయా సారూ?" అని గొంతు తగ్గించి అడిగేవారే ఎక్కువగా ఎదురవుతారు. దయ్యం కథలకన్నా జనాన్ని ఎక్కువగా ముంచుతున్నది ఈ ఆశే కాబట్టి ముందుగా దాని సంగతే చెబుతాను.

అపోహ: పాడుబడ్డ ఊరి కింద నిధి ఉంటుంది, దానికి దయ్యం కాపలా ఉంటుంది, జాడ తెలియడానికి రాళ్ళమీద గుర్తులు చెక్కి ఉంటాయి.

వాస్తవం: గుర్తులని చెప్పుకొనే ఆ రాళ్ళు చాలావరకు శాసనాలు, వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళు), నాగశిలలు. శాసనం పైభాగాన సూర్యచంద్రులను చెక్కింది, వారున్నంతకాలం ఆ దానం చెల్లాలని చెప్పడానికే తప్ప నిధికి దారి చూపడానికి కాదు. అనేక శాసనాల చివర కనిపించే శాపశ్లోకం, దానమిచ్చిన భూమిని అపహరించినవాడు అరవై వేల ఏండ్లు మలంలో పురుగై పుడతాడని హెచ్చరిస్తుంది. దానినే కాపలా దయ్యం మాటగా వినిపించి, కోడిని కోయించి, నిమ్మకాయలు పెట్టించి తవ్వించే మంత్రగాడికి ఆ లిపిలో ఒక్క అక్షరం కూడా రాదు.

దేవరకొండ వైపు ఒక పాటిగడ్డ మీద, వీరగల్లులోని వీరుడి కత్తి మొన ఎటు చూపుతున్నదో అటే నడుము లోతు గుంట తవ్వి ఉండగా చూశాను. అతడు పోరులో చనిపోయిన మనిషి. పై అరలో అప్సరసలు అతడిని మోసుకుపోతున్నారు, ఆపైన శివలింగం ఉన్నది. గుంటలో బయటపడినవి బూడిద, ఎర్రకుండల పెంకులు, విరిగిన తిరగలి రాయి. పక్కనే నంది పొట్ట పగిలి రెండు ముక్కలై పడి ఉన్నది. తవ్వించిన రైతు రెండు బర్రెలను అమ్మి మంత్రగాడికి ముట్టజెప్పాడని, ఆ తరువాత ఆ మంత్రగాడు మళ్ళీ కనబడలేదని ఊరివారు చెప్పారు.

అసలు నిధులే దొరకవా అంటే దొరుకుతాయి. 2024లో ఫణిగిరి తవ్వకాల్లో పురావస్తు శాఖ వారికి ఒక మట్టికుండలో 3,730 నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, మరొకవైపు ఉజ్జయిని చిహ్నం (నాలుగు కొసలకు వృత్తాలున్న కూడలి గుర్తు) ఉన్న ఆ ఇక్ష్వాకుల కాలపు నాణేలన్నీ సీసంవే. చరిత్రకు అవి వెలలేనివి; కరిగించి అమ్ముకుందామనుకొనేవాడికి పార కూలి కూడా గిట్టదు. పైగా భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలపకుండా దాచుకోవడం నేరం.

అపోహ: దయ్యాల భయంతో ఊరు ఒక్క రాత్రిలో ఖాళీ అయింది.

వాస్తవం: గత్తర (కలరా), ప్లేగు, కరువు, ఎండిన చెరువు, ఈ నాలుగే చాలా ఊళ్ళను ఖాళీ చేయించాయి. ఊరు విడిచినవారు తరచుగా కొంత దూరంలోనే కొత్త బొడ్రాయిని (ఊరి నడుమ పాతే రాయిని) నిలుపుకొని, ఇప్పటికీ పాత ఊరి పోచమ్మకు బోనం ఎత్తుకొని వస్తుంటారు. వారిని అడిగితే ఏ కుటుంబం ఎటు వెళ్ళిందో చెబుతారు, కానీ కథలు అల్లేవారు ఎవరూ వారిని అడగరు. కృష్ణాతీరంలోనైతే ఏలేశ్వరం నాగార్జునసాగర్ నీటిలో, ఎన్నో పాలమూరు పల్లెలు శ్రీశైలం జలాశయంలో మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌కు తరలించారు. ఎండాకాలంలో నీరు తగ్గి పునాదులు పైకి తేలినప్పుడు పుట్టే పుకార్లకు కారణం ప్రాజెక్టే, పిశాచం కాదు.

రాత్రిపూట వినిపించే అరుపు పాడుగోడల్లో కాపురముండే గుడ్లగూబది. కదిలే దీపాలు చాలాసార్లు నిధివేటగాళ్ళ టార్చిలైట్లే.

అపోహ: పాటిగడ్డ మీద ఆడుకున్న పిల్లలకు గాలి సోకుతుంది.

వాస్తవం: కొడుకు జ్వరంతో పడుకొని ఉండగా ఈ మాట అడిగే తల్లిని ఎగతాళి చేయడానికి నాకు నోరు రాదు. మన రైతులు తరతరాలుగా పాటిమన్నును బండ్లకెత్తి చేలకు తోలుకున్నారు, ఆ మన్ను వల్ల పైరు బలపడింది గాని ఎవరికీ దయ్యం పట్టలేదు. జ్వరానికి ఆసుపత్రే దారి. భయపడవలసినవి వేరే ఉన్నాయి: మూతపడిన ధాన్యపు పాతరలు, వాడకం లేని బావులు. వాటిలో చెడుగాలి నిలిచిపోయి దిగినవారికి ఊపిరాడదు, కాపాడబోయి వెంట దిగినవారూ ప్రాణాలు పోగొట్టుకుంటారు, ఊరు దానిని దయ్యం లాగిందని చెప్పుకుంటుంది. పిల్లలను వాటి దరికి పోనీయకండి, చుట్టూ ముళ్ళకంప వేయించండి, పంచాయతీకి చెప్పి పూడ్పించండి.