చప్పుడు లేకుండా మూసుకునే సొరుగులు: క్యాబినెట్ బిగింపుపై అపోహలు, వాస్తవాలు

అపోహ: ఖరీదైన సాఫ్ట్ క్లోజ్ ఛానెల్ కొంటే సొరుగు దానంతటదే మెత్తగా మూసుకుంటుంది.

వాస్తవం: ఛానెల్ అంటే సొరుగు జారడానికి దాని ఇరువైపులా బిగించే లోహపు పట్టా. దాని లోపల ఒక స్ప్రింగు, నూనె నిండిన చిన్న డాంపరు ఉంటాయి. సొరుగు చివరి కొన్ని సెంటీమీటర్లకు చేరగానే స్ప్రింగు దానిని లోపలికి లాగుతుంది, డాంపరు ఆ వేగాన్ని అణుస్తుంది. స్ప్రింగు లాగే బలం కొద్దిపాటిదే కాబట్టి, క్యాబినెట్ రవ్వంత ఐమూలగా ఉన్నా, రెండు ఛానెళ్లు సమాంతరంగా నిలవక, ఆ బలమంతా రాపిడికే ఖర్చయి, సొరుగు వేలెడు దూరంలో ఆగిపోతుంది. అందుకే వెనుక పలక బిగించే ముందు టేపుతో రెండు కర్ణాలనూ, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలను, కొలవాలి. తేడా ఒక మిల్లీమీటరు దాటితే, పొడవుగా ఉన్న కర్ణం కొసలను దగ్గరకు నొక్కి సరిచేసిన తరువాతే ఆ పలకకు స్క్రూలు వేయాలి. దుమ్ముకు అడ్డుగా మాత్రమే చాలామంది భావించే ఆ పలుచని పలకే క్యాబినెట్‌ను మూలమట్టంలో నిలిపి ఉంచుతుంది. దానిని మానేసి పెట్టెను గోడకు ఆనించే పద్ధతిని నేను ఎంతమాత్రం ఒప్పుకోను.

బాల్ బేరింగ్ ఛానెల్‌కు సొరుగుకు ఇరువైపులా 12.7 మి.మీ. చొప్పున ఖాళీ కావాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే పక్కపలకల్లో చాలావరకు ముందు అంచు నుంచి 37 మి.మీ. లోపల, 32 మి.మీ. ఎడంతో రంధ్రాలు ముందే ఉంటాయి. వాటిని వదిలి కంటి అంచనాతో కొత్త రంధ్రాలు వేయడం వల్లనే ఎడమ ఛానెల్ ఒక ఎత్తులో, కుడి ఛానెల్ మరో ఎత్తులో కూర్చుంటాయి.

అపోహ: స్క్రూను ఎంత బిగిస్తే అంత గట్టిదనం.

వాస్తవం: చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డులో అతిగా తిప్పిన స్క్రూ తన చుట్టూ ఉన్న పొట్టును పిండి చేసి పట్టు కోల్పోతుంది. చివరి మలుపులు చేతి స్క్రూడ్రైవరుతోనే తిప్పాలి.

అపోహ: నేల చదునుగానే ఉంది కాబట్టి క్యాబినెట్లను నేరుగా పేర్చవచ్చు.

వాస్తవం: మన వంటగదుల్లో నీరు జాలువారడానికి నేలకు తరచుగా వాలు పెడతారు. నేల అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న చోట మొదటి క్యాబినెట్ నిలిపి, మిగిలినవాటి కాళ్లను రసమట్టంతో చూస్తూ తిప్పి ఆ ఎత్తుకు తేవాలి. గోడకు, పెట్టెకు మధ్య సందు ఉంటే అక్కడ సన్నని చెక్క ముక్క పెట్టి స్క్రూ వేయాలి. లేకపోతే స్క్రూ పెట్టెను గోడ వైపు లాగి మెలితిప్పుతుంది, అంతవరకు చక్కగా నడిచిన సొరుగు ఆ క్షణం నుంచే పట్టేస్తుంది.

అపోహ: సొరుగు చప్పుడు చేస్తే కొబ్బరినూనె వేయాలి.

వాస్తవం: బాల్ బేరింగులకు గ్రీజు ఫ్యాక్టరీలోనే పెడతారు. పైన పోసే నూనె దుమ్మును, పిండిని పట్టుకుని జిగురుగా మారుతుంది. కొత్త సొరుగు గరగరలాడుతుంటే ముందుగా ఛానెల్‌లో పడిన డ్రిల్లు పొట్టును పొడిగుడ్డతో, బ్రష్షుతో తీయాలి.

అపోహ: సాఫ్ట్ క్లోజ్ సొరుగులో ఎంత బరువైనా పెట్టవచ్చు.

వాస్తవం: డాంపరు ఆపగలిగే వేగానికి, బరువుకు హద్దు ఉంది. 25 కిలోల బియ్యం బస్తా పెట్టి విసురుగా తోస్తే సొరుగు డాంపరును దాటుకుని వెళ్లి ఢీకొంటుంది. ఛానెల్‌కు సూచించిన బరువులో సాధారణంగా సొరుగు సొంత బరువు కూడా కలిసే ఉంటుంది కనుక, బియ్యానికి, పప్పుల డబ్బాలకు ఎక్కువ బరువు మోసే ఛానెల్‌ను కొనే రోజునే ఎంచుకోవాలి.