గడియ ఎంతసేపు?

హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట స్టేషన్‌కు ఎంతసేపు పడుతుందని అడిగితే, నిరుటి దాకా తడుముకోకుండా పది నిమిషాలు అనేవాణ్ణి. ఆ లెక్కతోనే రెండుసార్లు సికింద్రాబాద్ బండి తప్పిపోయింది. చిత్రమేమిటంటే, మొదటిసారి భంగపడ్డాక కూడా రెండోసారి అదే పది నిమిషాలు అనుకున్నాను. ఎప్పుడో ఒక తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉంటే ఆటో అంత వేగంగా చేర్చింది. నా బుర్ర ఆ ఒక్క ప్రయాణాన్నే దాచుకుంది.

ఇంట్లోవాళ్ళు దీనికి పెట్టిన పేరు నిర్లక్ష్యం. నలభై దాటాక మానసిక వైద్యుడు చెప్పిన పేరు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస, కుదురు నిలవనివ్వని మెదడు తీరు. ఆ మాట వినగానే కుదురుగా కూర్చోలేని పిల్లవాడు గుర్తొస్తాడు. ధ్యాసతో పాటు కాలం కూడా చేజారుతుందని మాత్రం ఎవరికీ తట్టదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రసెల్ బార్క్‌లీ దీన్ని భవిష్యత్తు విషయంలో హ్రస్వదృష్టిగా వర్ణించారు. నెల తర్వాత పరీక్ష అంటే లేనట్టే, రేపు అంటే నెత్తిన పడ్డట్టే.

ప్రయోగశాలలో దీన్ని తేలిగ్గానే పరీక్షిస్తారు. ఒక దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోతుంది. అంతేసేపు మీట నొక్కి పట్టుకోవాలి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళు సగటున ఎక్కువ తప్పుతారు, పైగా ఒకసారికీ మరోసారికీ పొంతన ఉండదు. కాలాన్ని అంచనా కట్టే పనిలో మెదడు ముందరి భాగం, లోపల బేసల్ గాంగ్లియా అనే నాడీకణాల గుంపులు, వెనకనున్న చిన్నమెదడు పాలుపంచుకుంటాయి. ఈ వ్యవస్థలో డోపమిన్ అనే రసాయనానికి పెద్ద పాత్రే ఉంది. ఏడీహెచ్‌డీలో తేడాలు కనిపించే చోట్లలో ఇవీ ఉన్నాయి. మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులతో ఈ అంచనా కొంత మెరుగుపడుతుందని తేలింది. మందు సంగతి వైద్యుడికే వదిలేద్దాం.

‘అది అందరికీ ఉండేదే’ అంటారు మిత్రులు. నిజమే, పనికి పట్టే సమయాన్ని తక్కువగా ఊహించడం మనిషి స్వభావమని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. దగ్గు కూడా అందరికీ వస్తుంది. క్షయ వేరు.

మన పూర్వులు మాత్రం తలలోని గడియారాన్ని అంతగా నమ్మలేదు. అడుగున సన్నని బెజ్జం ఉన్న గిన్నెను నీళ్ళ మీద వదిలేవారు. అది నిండి మునిగితే ఒక గడియ, అంటే 24 నిమిషాలు. అలాంటివి 60 అయితే ఒక రోజు. గడియారం అన్న మాటలో ఇప్పటికీ ఆ గడియ ఉంది. ఎంత అయిపోయిందో, ఎంత మిగిలిందో ఆ గిన్నె కంటికి చూపించేది. ఫోనులో 8:40 అనే అంకె ఆ పని చేయలేదు. ముళ్ళ గడియారమో, రంగు పళ్ళెం తరిగిపోతూ కనిపించే టైమరో పెట్టుకోమని మాలాంటివాళ్ళకు చెప్పేది అందుకే. మా స్నానాలగదిలో గోడగడియారం చూసి చుట్టాలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

అంతకంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది చిట్టా. పనికి ముందు నా ఊహ, తర్వాత అసలు పట్టిన సమయం పక్కపక్కన రాశాను. చెప్పులు వేసుకున్నది మొదలు ప్లాట్‌ఫారం మీద నిలబడేదాకా 38 నిమిషాలు! ఆటోలో గడిచింది ఇరవై కూడా లేదు. తక్కినదంతా తాళంచెవి వెతకడం, గ్యాస్ కట్టేశానా అని వెనక్కి వెళ్ళడం, ఆటో బేరం, మెట్ల వంతెన. చక్రాలు తిరిగిన సేపే ప్రయాణమని ఇన్నాళ్ళూ అనుకున్నాను! ఇప్పుడు బండి వేళ నుంచి ఒక్కొక్కటీ తీసేస్తూ వెనక్కి లెక్కపెడతాను.

అలారం ఆపడానికి ఒక వేలు చాలు, అందుకే ఫోను పక్కగదిలో ఉంటుంది. అది మోగినప్పుడు తెర మీద ‘చెప్పులు వేసుకో’ అని కనిపిస్తుంది. ‘బయల్దేరు’ అంటే నేను కదలను. ఇక నచ్చిన పనిలో మునిగితే మూడు గంటలు మూడు నిమిషాల్లా కరిగిపోవడం గురించి నా దగ్గర గొప్ప సలహా లేదు. ఎవరైనా వచ్చి భుజం తట్టాల్సిందే.

మొన్న శుక్రవారం బండి కంటే పాతిక నిమిషాలు ముందే కాజీపేట చేరాను. ఏం చేయాలో తోచక పుస్తకం తెరిచాను. రెండు పేజీలు చదివాక అనుమానం వచ్చి టైమర్ పెట్టుకున్నాను. లేకపోతే ఆ బెంచీ మీదే కూర్చుని మూడో బండిని కూడా సాగనంపేవాణ్ణి.