పిల్లల కడుపునొప్పి స్పెషలిస్టు దాకా ఎందుకు వెళ్తోంది?

పిల్లల గ్యాస్ట్రో క్లినిక్‌లకి అక్కర్లేని కేసులు వచ్చి పడుతున్నాయన్న గొడవ మళ్ళీ రాజుకుంది. మామూలు మలబద్ధకం, బడి టైముకి వచ్చే కడుపునొప్పి, పాలు కక్కే పసిపిల్లలు, ఇవన్నీ మా దాకా ఎందుకు పంపుతున్నారని స్పెషలిస్టులు అడుగుతున్నారు. మొదట చూసే పిల్లల డాక్టర్లు చేతులు దులుపుకుంటున్నారన్నది వాళ్ళ ఆరోపణ. అలాంటివాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ ఏదైనా జబ్బు తప్పిపోతుందేమోనన్న భయం వాళ్ళలో ఎవరు పెట్టారో కూడా చూడాలి కదా.

నొప్పి పాతదే. 1958లోనే బ్రిస్టల్‌లో జాన్ ఆప్లే, నోరా నైష్ అనే ఇద్దరు డాక్టర్లు వెయ్యిమంది బడిపిల్లల్ని చూసి, దాదాపు పదిమందిలో ఒకరికి మళ్ళీ మళ్ళీ కడుపునొప్పి వస్తోందని రాశారు. వాళ్ళలో ఎక్కువమందికి లోపల జబ్బేమీ దొరకలేదు. నొప్పి బొడ్డుకి ఎంత దూరంగా ఉంటే జబ్బు ఉండే అవకాశం అంత ఎక్కువన్న గుర్తు కూడా ఆప్లే పేరు మీదే ఉంది. ఎక్కడ నొప్పి నాన్నా అంటే చాలామంది పిల్లలు అరచెయ్యంతా బొడ్డు మీద పెట్టి తిప్పుతారు, ఒక్కోడు మాత్రం ఒంటి వేలితో కుడిపక్క కింద చూపిస్తాడు. ఆ రెండో పిల్లాడి విషయంలోనే ఎక్కువ జాగ్రత్త పడాలి.

నా లెక్కలో అసలు మలుపు 2006. లోపల జబ్బేమీ దొరకని ఇలాంటి కడుపు బాధల్ని ఎలా గుర్తించాలో నిపుణులు రాసే నియమాలని రోమ్ ప్రమాణాలంటారు. ఆ ఏడు వచ్చిన వాటి మూడో విడతలో, పిల్లలకి ఇలాంటి నొప్పి అని పేరు పెట్టాలంటే వాపు, నిర్మాణ లోపం, జీవక్రియ జబ్బు, కణితి లాంటివేవీ ఉన్నట్టు ఆధారం ఉండకూడదని రాశారు. చదవడానికి న్యాయంగానే ఉంది. క్లినిక్‌లో కూర్చున్న డాక్టరుకి మాత్రం అది ఇంకోలా వినిపించింది: ముందు అన్నీ లేవని నిరూపించు, తర్వాతే ధైర్యం చెప్పు. రాసింది ఈ రంగంలో పెద్దలే, మోయాల్సి వచ్చింది మాత్రం రోజూ పిల్లల్ని చూసే మామూలు డాక్టర్లు.

అప్పటికే టెస్టులూ తేలికైపోతున్నాయి. గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బుని పట్టించే యాంటీబాడీ దేనిమీద పనిచేస్తుందో 1997లో తెలిశాక ఒక్క రక్తపరీక్షతో అనుమానం తేల్చుకునే వీలొచ్చింది. తర్వాత పేగులో వాపుందేమో చెప్పే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్‌ని మలంలో కొలిచే పరీక్ష వచ్చింది. రెండూ మంచి పరీక్షలే. చిక్కంతా మధ్యస్తంగా వచ్చే అంకెతోనే. కాల్‌ప్రొటెక్టిన్ 50 దాటితే ల్యాబ్ రిపోర్టులో ఎర్రగా కనిపిస్తుంది, అయితే నాలుగేళ్ళలోపు ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా అది ఎక్కువే ఉండొచ్చు, కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి పోయినా పెరుగుతుంది. ఆ ఎర్ర అంకె చూశాక ఏ అమ్మానాన్నకి నిద్ర పడుతుంది? రెఫరల్ లెటర్ రాసేది అప్పుడే.

2016లో రోమ్ ప్రమాణాల నాలుగో విడతలో, ఏ జబ్బుకీ ఆధారం ఉండకూడదన్న ఆ వాక్యం తీసేశారు. తగినంత పరిశీలించాక లక్షణాలకి వేరే జబ్బు కారణమని చెప్పలేకపోతే చాలన్నారు. అంటే పెరుగుదల చార్టు చూసి, కడుపు నొక్కి చూసి, అడగాల్సినవి అడిగి, అక్కడితో ఆగొచ్చు. కానీ పదేళ్ళ అలవాటు ఒక వాక్యం మార్చగానే పోదు.

మొదట చూసే డాక్టరు వైపు నుంచి ఒక్క కేసు చూడండి. పిల్లాడికి రోజూ నిక్కరు పాడవుతోంది, ఇంట్లోవాళ్ళు విరేచనాలంటున్నారు. కడుపు ఎడమవైపు కింద చెయ్యి పెడితే గట్టిగా ముద్ద తగులుతుంది. అది విరేచనం కాదు, పేరుకుపోయిన మలం పక్కనుంచి నీళ్ళగా జారడం. దీనికి మామూలుగా ఎక్స్‌రే కూడా అక్కర్లేదని యూరప్, ఉత్తర అమెరికా పిల్లల గ్యాస్ట్రో నిపుణుల 2014 మార్గదర్శకాలు చెప్పాయి. మలాన్ని మెత్తబరిచే పాలీఇథిలిన్ గ్లైకాల్ పొడి నెలల తరబడి ఇవ్వాలి. వారం వాడి, మోషన్ సాఫీగా అయిందని ఆపేస్తారు, నెలకి మళ్ళీ మొదటికొస్తుంది, మందు పనిచెయ్యలేదు సార్, పెద్ద డాక్టరుకి రాయండి అంటారు. ఎందుకు ఆపకూడదో కూర్చుని చెప్పడానికి ఇరవై నిమిషాలు కావాలి. బయట క్యూ ఉంది. లెటర్ రాయడానికి రెండు నిమిషాలు చాలు. ఈ డాక్టరుకి ఆ ఇరవై నిమిషాలు ఎవరిస్తున్నారన్న మాట స్పెషలిస్టుల ఫిర్యాదులో ఎక్కడా రాదు.

పాలు కక్కే పిల్లలదీ ఇలాంటి దారే. 2009లో 162 మంది పసిపిల్లలపై జరిగిన పరిశోధనలో యాసిడ్ తగ్గించే మందు వాడినవాళ్ళలో 54 శాతం, ఉత్తుత్తి మందు వాడినవాళ్ళలోనూ 54 శాతం మెరుగయ్యారు. బరువు బాగా పెరుగుతూ, హుషారుగా ఉన్న పాప కక్కినంత మాత్రాన మందూ అక్కర్లేదు, స్పెషలిస్టూ అక్కర్లేదు. చాలామందికి ఏడాది నిండేసరికి తగ్గిపోతుంది.

పంపి తీరాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. బరువు తగ్గుతున్నవాళ్ళు, ఎత్తు పెరగడం ఆగినవాళ్ళు, మలంలో రక్తం పోతున్నవాళ్ళు, నొప్పితోనో విరేచనంతోనో రాత్రి నిద్రలోంచి లేచేవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా క్రోన్స్ (పేగులు వాచే దీర్ఘకాలిక జబ్బు) లేదా సీలియాక్ ఉన్నవాళ్ళు. ఆకుపచ్చ రంగులో వాంతి అయితే అపాయింట్‌మెంట్ కాదు, నేరుగా ఎమర్జెన్సీకే. ప్రస్తుతం ఇలా పంపి తీరాల్సిన పిల్లలు కూడా, వారం మందు వాడి ఆపేసిన పిల్లాడి వెనకే, అదే వెయిటింగ్ లిస్టులో ఉన్నారు.