తొమ్మిదో తరగతికి బొమ్మల పుస్తకమా? – అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో గ్రంథాలయ పిల్లల విభాగాన్ని చూసుకునే నాకు వేసవి సెలవులు మొదలు కాగానే వినిపించే మాట ఒకటే: “తొమ్మిదికొచ్చిండు సార్, వాని తరగతికి తగ్గ పుస్తకం ఇయ్యుండ్రి.”

అపోహ: తరగతిని బట్టి పుస్తకం ఇవ్వాలి.

వాస్తవం: చూడవలసినవి ఆ భాషలో పిల్లలు చదవగలిగే వేగం, వారి ఆసక్తి. ఈ రెండింటిలో దేనినీ తరగతి చెప్పదు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఎంతోమంది ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు. చదవమంటే మాత్రం సంయుక్తాక్షరం ఎదురైన ప్రతిచోటా ఆగి కూడబలుక్కుంటారు. శ్రమంతా అక్షరాలకే సరిపోయి, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతారు. అటువంటి పిల్లవానికి, వయసుకు తగినదన్న ఒక్క కారణంతో మూడు వందల పేజీల నవల ఇస్తే, పది పేజీల లోపే మూసేసి, తనకు చదవడం చేతకాదని తీర్మానించుకుంటాడు. ఆ తీర్మానాన్ని మార్చడం చాలా కష్టం.

పరకాల వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి బొమ్మల పుస్తకం అందుకోగానే, “గింత పెద్దగైనవ్, ఇంక గీ బొమ్మలేంది?” అని తండ్రి దాన్ని తిరిగి అరలో పెట్టించారు. అబ్బాయి తల దించుకున్నాడు. బడి వదిలాక ఏం చేస్తావని అడిగితే, తాతతో కలిసి చెరువులో చేపలు పడతానన్నాడు. చేపల గురించి బొమ్మలతో ఉన్న పలుచని పుస్తకం ఇచ్చాను. నిలబడి ఉండగానే కొర్రమీను పేజీ తెరిచి, పెదవులు కదుపుతూ చదివి, గాలి పీల్చడానికి అది నీటిపైకి వస్తుందన్న వాక్యం దగ్గర “అవ్ సార్, నేను జూసిన” అన్నాడు. తెలియని పదానికి పక్కనున్న బొమ్మ అర్థం చెబుతుంది. తెలిసిన విషయం తరువాతి వాక్యాన్ని ముందే ఊహింపజేస్తుంది. వేగం పెరిగేది అలాగే.

అందుకే పిల్లలను ఏం చదువుతావని కాక, ఏం చేయడం ఇష్టమని అడగాలి. నాలుగైదు పుస్తకాలు ముందు పెట్టి, మధ్యలో ఒక పేజీ చదివి చూడమనాలి. పేజీలో అయిదుకు మించి తెలియని పదాలుంటే ప్రస్తుతానికి ఇంకొకటి చూడవచ్చు. ఇది సులువైన పుస్తకమని మాత్రం వారి ముందు అనకూడదు. టీనేజీ పిల్లలకు ఆ మాట ఎంతో గట్టిగా తగులుతుంది. పదో తరగతి పరీక్షలను తలచుకొని భయపడే తల్లిదండ్రుల ఆందోళన నాకు అర్థమవుతుంది. కాని వేగంగా చదవడం అలవడితే పాఠ్యపుస్తకం కూడా తేలికవుతుంది.

మిగిలినవి క్లుప్తంగా. కథల పుస్తకాలు చదివితే మార్కులు తగ్గుతాయని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఆధారం లేదు, దయచేసి ఇతరులకు పంపకండి. మొదలుపెట్టిన పుస్తకం పూర్తి చేసి తీరాలన్న నియమం లేదు. ప్రతి కథా నీతి చెప్పనక్కరలేదు. ఫోనులో చదివినా చదివినట్టే. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి.

పుస్తకాలు కొనే స్థోమత లేదని బాధపడేవారికి ఒక మాట: ఇంటి పన్నుతో పాటు, ఆ పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు చెల్లిస్తూనే ఉన్నాం కనుక గ్రంథాలయ పుస్తకాలు మీవే. వచ్చేటప్పుడు పిల్లలను వెంట తీసుకురండి. వారితో మాట్లాడకుండా వారికి పుస్తకం ఎంచడం నావల్ల కాదు.